నిమ్మకాయకు ప్రవేశం లేదు

తిరిగొచ్చి వారం దాటింది. నా పాదాలు ఇంకా నాతో మాట్లాడటం లేదు. చెప్పుల వైపు చూస్తే చాలు, వేళ్లు వెనక్కి ముడుచుకుంటున్నాయి. కాలినడకన తిరుమల కొండ ఎక్కి వచ్చినవాళ్లను చూశాను. ఎంత అలసినా వాళ్ల ముఖాల్లో ఒక వెలుగు ఉంటుంది. నేను వెళ్లింది వినోదానికి. వచ్చిన రోజు నా ముఖం చూసి మా వీధి చివర మందుల షాపతను, నేనేమీ అడక్కుండానే గ్లూకోజు ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

మా నెల్లూరు తీరంలో, సముద్రపు గాలి తగిలేంత దూరంలో వెలిసిన ఆ వినోదాల పార్కు పేరు ఇక్కడ రాయను. రాస్తే ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుంది. ఆ గేటు లోపల ఉచితంగా దొరికింది ఎండ ఒక్కటే. ఇంకా వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చదివాక కూడా వెళ్తామంటారా, పాదాలు మీవి, మీ ఇష్టం.

వాకాడు దగ్గర మా ఊరు

మాది వాకాడు మండలంలో సముద్రం ఒడ్డు పల్లె. నేను నాలుగు లెక్కలు నేర్చుకుని నెల్లూరు పారిపోయాను, అక్కడ స్కూల్లో ఆ నాలుగే తిప్పి తిప్పి చెప్పుకుంటున్నాను. మా అక్క కామాక్షమ్మ ఊళ్లోనే ఉంది. మా బావ ఏడుకొండలుకు సొంత పడవ ఉంది. ‘నా పడవ’ అన్న మాట లేకుండా ఆయన నోట వాక్యం రాదు. భోజనం ఎలా ఉంది బావా అని అడిగినా, నా పడవలో వండుకున్నంత లేదు అంటాడు.

మా ఊళ్లో ఆడవాళ్లు పడవ ఎక్కకూడదు. ఎందుకూ అంటే, ఎక్కకూడదు. గంగమ్మకు కోపం వస్తుందట. గంగమ్మ కూడా ఆడమనిషే కదా అని చిన్నప్పుడు నేను అడిగాను. దానికి జవాబు నా వీపు మీద పడింది. వల బాగుచేసేది ఆడవాళ్లు. చేపలు ఎండబెట్టేది, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మేది ఆడవాళ్లు. కొత్త పడవ నీళ్లలో దిగే రోజు దాని ముక్కుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టేది కూడా వాళ్లే. కట్టాక వెనక్కి జరిగి ఇసకలో నిలబడాలి. అక్కకు యాభై దాటాయి. పుట్టినప్పటి నుంచీ ఆ ఇసకలోనే నిలబడి ఉంది.

ఈ వేసవిలో వాకాడు సెంటర్లో ఆ పార్కు వాళ్లు ఒక బోర్డు పెట్టారు. బోర్డులో ఒక కాలువ, కాలువలో పడవ, పడవలో చీర కట్టుకున్న ఒకావిడ. అక్క ఆ రోజే నాకు ఫోను చేసింది.

“అబ్బయా, ఆడ ఆడోళ్లు పడవెక్కుతా ఉండారు.”

అంతే అంది. తన కోసం అది కావాలి, ఇది కావాలి అని మా అక్క అడగడం నేనెప్పుడూ వినలేదు. ఇది కూడా అడగలేదు, చెప్పింది. నాకు మాత్రం అడిగినట్టే వినబడింది. తీసుకెళ్తాను అన్నాను.

బావ చాలా రోజులు ఆలోచించాడు. ఆయన ఆలోచించినంత సేపు సుప్రీం కోర్టు కూడా ఆలోచించదు. చివరికి తీర్పు వచ్చింది. “అవి గంగమ్మ నీళ్లు కాదు, బోరు నీళ్లు. ఎక్కచ్చు. అయినా పడవ పడవే. నిమ్మకాయ కట్టందే ఎక్కేదానికి లేదు.”

అందుకని మా ఆవిడ సుజాత, నేను, అక్క, బావ, ఒక నిమ్మకాయ కలిసి బయల్దేరాం.

కోట దారిలో టీ

అద్దె వ్యాను దారిలో కోట అనే ఊరి దగ్గర టీకి ఆగింది. గ్లాసు పది రూపాయలు. అల్లం దంచి వేశాడు, పొంగేదాకా కాచాడు, తాగాక ఇంకో గుక్క ఊరికే పోశాడు. ఆ పది రూపాయలను గుర్తుపెట్టుకోండి, మనిషి మనిషిగా బతికిన ఆఖరి చోటు అదే.

“యాడికి సార్?” అన్నాడు టీ ఆయన.

చెప్పాను. వ్యాన్లోకి తొంగి చూశాడు.

“పిల్లకాయలేరీ?”

“రాలేదు. మేమే.”

ఆయన మా నలుగురి జుట్టు రంగులు ఒక్కొక్కటే పరిశీలించాడు. “ఎవురన్నా మొక్కుకున్నారా సార్?” అన్నాడు చాలా మర్యాదగా.

గేటు

గేటు బయటే మొదటి యుద్ధం. గార్డు మీసాలు ఎంత పెద్దవంటే, వాటికి వేరే టిక్కెట్టు తీయాలి. సంచి విప్పమన్నాడు. అక్క స్టీలు క్యారియరు బయటికి తీసింది. మామిడికాయ వేసిన చేపల పులుసు, ముందు రోజు సాయంత్రం వండింది. మూత తీయకుండానే వాసన క్యూ చివరిదాకా పోయి, అక్కడ టోపీలు పెట్టుకున్న ఒక కుటుంబాన్ని ఇటు తిప్పింది.

“బయటి ఫుడ్డు లోపలికి లేదమ్మా.”

“బయటిది కాదు నాయనా, ఇంట్లో చేసిందే.”

“ఇంట్లో చేసింది గూడా బయటిదే.”

పారేయాలట. వంజరం చేపల పులుసును చెత్తబుట్టలో వేయమని చెప్పగలిగిన మనిషి నెల్లూరు జిల్లా గాలి పీలుస్తూ ఉద్యోగం చేస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రహరీ గోడ పక్కన మూరెడు నీడలో నలుగురం కూర్చుని, పొద్దున పదింటికి, రోజంతటి అన్నం ఒక్క పూటలో తినేశాం. గార్డు అటు తిరిగి ఇటు తిరిగి గుటకలు మింగుతున్నాడు. అక్కకు చూడబుద్ధి కాలేదు. మూతలో ఒక ముక్క పెట్టి ఇచ్చింది. ఆయన తిన్నాడు. ముల్లు కూడా వదల్లేదు. మీసాలు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేత్తోనే సంచిలోంచి నిమ్మకాయ తీశాడు.

“ఇది గూడా లేదు.”

“అది తినేదానికి కాదబ్బా,” అన్నాడు బావ. “పడవకి కట్టేదానికి.”

“పడవకి మేము అన్నీ కట్టే ఉంచినాం. లైట్లు గూడా కట్టినాం.”

“నిమ్మకాయ ఫుడ్డు ఎట్టయితాది? కొరుకు, నమిలి మింగు. నువ్వు మింగితే నేనే ఒప్పుకుంటా.”

“రూలు సార్.”

నిమ్మకాయ చెత్తబుట్టలో పడింది. మా అక్క చేపముక్క కడుపులో, మా బావ నిమ్మకాయ బుట్టలో! ఇంత కృతఘ్నతను నేను స్టాఫ్ రూములో కూడా చూడలేదు.

“లోపల నిమ్మకాయలు దొరక్కుండా పోతాయా, పద బావా,” అన్నాను. ఆ మాట అన్నందుకు సాయంత్రం దాకా అనుభవించాను.

అద్దె నిక్కరు

లోపల ఒక ఆటకూ ఇంకో ఆటకూ మధ్య నెల్లూరుకూ గూడూరుకూ ఉన్నంత దూరం. నడిచే దారిలో చెట్టు లేదు. చెట్టు ఆకారంలో సిమెంటు ఉంది, దానికి సిమెంటు కోతి ఉంది, రెండూ నిప్పుల్లా కాలుతున్నాయి. పడవ ఆట అన్నిటికంటే చివర ఉంది. అక్కడికి చేరేసరికి పులుసు అన్నం అరిగి మోకాళ్లలోకి దిగింది. చేరాక ఒక బోర్డు: సాయంత్రం నాలుగు తర్వాతే.

కాలువ ఖాళీగా ఉంది. తాళ్లతో కట్టిన పడవ ఎండలో మెరుస్తోంది. అక్క రెయిలింగు పట్టుకుని చూస్తూ నిలబడింది. “పోనీలే అబ్బయా, చూసినాం గదా,” అంది.

చూడటానికి వచ్చామా! చూడటం యాభై ఏళ్లుగా జరుగుతూనే ఉంది. నాలుగు దాకా ఇక్కడే చస్తాం గానీ ఎక్కకుండా పోయేది లేదని నేను సిమెంటు కోతి సాక్షిగా ప్రకటించాను.

చావడానికి మొదట అలల కొలను దగ్గరికి వెళ్లాం. పంచెతో దిగకూడదట. నైలాను నిక్కరు అద్దెకు తీసుకోవాలి. బావ కొలతకు దొరికింది ఒక్కటే, దాని నిండా రామచిలకలు. బావ పంచెను లాకరులో పెట్టారు. ఆ లాకరు తర్వాత రోజంతా తెరుచుకోలేదు. తాళంచెవి తిప్పి తిప్పి ముగ్గురు ఉద్యోగులు మూడు రకాలుగా ‘కాసేపాగి రండి’ అన్నారు. కాబట్టి ఇక్కడి నుంచి ఈ కథనంలో మా బావ ఎక్కడ కనబడినా, రామచిలకల నిక్కరుతోనే ఉన్నాడని పాఠకులు ఊహించుకోవాలి.

అలల కొలను అంటే ఒక పెద్ద సిమెంటు పళ్లెం. సైరను మోగుతుంది. సైరను మోగగానే గోడలోంచి ఒక అల వస్తుంది. వెయ్యిమంది ఒక్కసారిగా కేకేస్తారు. కూతవేటు దూరంలో అసలు సముద్రం, సైరను లేకుండా, టిక్కెట్టు లేకుండా, సృష్టి మొదలైనప్పటి నుంచీ అదే పని చేస్తోంది. దాన్ని చూసేవాడు లేడు.

బావ నడుం మీద చేతులు పెట్టుకుని ఆ అలను పైకీ కిందికీ చూశాడు. “పిలిస్తే వచ్చే అలేందిరా ఇది! నా పడవ ముందుకు రమ్మను దీన్ని.”

“సార్! ఎర్ర గీత దాటి పోవద్దు! లోతుంటది!” అని ఒకతను గట్టు మీంచి అరిచాడు.

ఒడ్డు కనబడనంత దూరం పోయి వల వేసి వచ్చే మనిషికి, నడుములోతు నీళ్లలో ఎర్ర గీత! బావ నీళ్లలోంచి వచ్చేసి గట్టున కూర్చున్నాడు. ఆయన అరిస్తే బాగుండేది. అరవకపోయేసరికి ఆయన కోపం కూడా నేనే మోయాల్సి వచ్చింది.

సుజాత మాకంటే తెలివైంది. దెయ్యాల గుహలో ఏసీ ఉందని కనిపెట్టింది. చల్లదనం కోసం అదే గుహలోకి పోయి పోయి వచ్చింది. ఆఖరికి ఒక దెయ్యం ఆమెను గుర్తుపట్టి, “మళ్లీ వచ్చినారా అక్కా?” అని కుర్చీ చూపించిందట.

నిమ్మకాయ వేట

మధ్యాహ్నం నేనూ బావా నిమ్మకాయ కోసం బయల్దేరాం. ‘తాజా నిమ్మసోడా’ అని రాసిన కొట్టు కనబడగానే ప్రాణం లేచొచ్చింది. కొట్టు పైన గుమ్మడికాయంత నిమ్మకాయలు వేలాడుతున్నాయి. ముట్టుకుంటే ప్లాస్టిక్కు.

“సోడా వద్దమ్మా, ఒక నిమ్మకాయ ఇవ్వు. సోడా డబ్బులే తీసుకో,” అన్నాను.

కొట్టు అమ్మాయి నా వైపు జాలిగా చూసింది. “నిమ్మకాయలుండవు సార్. పొడి.”

“పొడా?”

“ఫ్రెష్షు పొడి సార్. ఇప్పుడే కలుపుతాం.”

ఇది ఎక్కడ జరిగింది? గూడూరు పక్కన! లారీల కొద్దీ నిమ్మకాయలు దేశం మీదికి పోయే గూడూరు పక్కన! మా దగ్గర ధర పడిపోయిన రోజున రైతులు కాయల్ని రోడ్డు మీద కుమ్మరించి పోతారు, ఆ దారిన పోతే పుల్లటి వాసనకు పళ్లు జివ్వుమంటాయి. అలాంటి నేల మీద, కంచె కట్టిన ఈ కొన్ని ఎకరాల్లో ఒక్క నిమ్మకాయ లేదు. పైగా గ్లాసు పొడి నీళ్లు ఎనభై రూపాయలు. నేను అక్కడ మాట్లాడిన మాటలు అచ్చు వేయదగినవి కావు. నా వెనక క్యూలో ఉన్న ఒకాయన, “సార్, మీ ఉపన్యాసం బాగుండాది, పక్కకు జరిగి చెప్పండి,” అన్నాడు.

చివరికి భోజనాల హాల్లో బిర్యానీ పక్కన ఉల్లిపాయ, దాని పక్కన నిజమైన నిమ్మ కనబడింది. సన్నటి బద్ద, కాగితంలా కోసింది. దాని కోసం బిర్యానీ కొని, బద్దను అరచేతిలో పెట్టుకుని, దీపం ఆరిపోకుండా తెచ్చినట్టు తెచ్చి బావకిచ్చాను.

బావ దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. అవతలి వైపు జెయింట్ వీలు కనబడింది.

“కోసిన కాయ పడవకి కడతారా బామ్మర్దీ? చదువుకున్నోడివి.”

“ఏదో ఒకటి, నిమ్మే కదా బావా!”

“రేపు నీ బిడ్డకి పెళ్లయితే పూలదండకి బదులు పూరేకు కడతావా?”

లెక్కల మాస్టరు తిరిగి వెళ్లి ఆ బద్దను బిర్యానీ మీదే పిండుకున్నాడు.

క్యూ

నాలుగు కాకముందే పడవ క్యూలో నిలబడ్డాం. ఇనప కమ్మీల మధ్య పాములా మెలికలు తిరిగే క్యూ అది. ముందుకు పోతున్నామనుకుంటే వెనక్కి వస్తాం. ఇందాక చూసిన ముఖాలే మళ్లీ ఎదురవుతాయి, రెండోసారికి పలకరింపులు, మూడోసారికి చుట్టరికాలు.

అలా చుట్టమైంది బిట్రగుంట ఆవిడ. రైల్వే కాలనీ నుంచి తోటికోడలితో, ఇద్దరు ఆడపిల్లలతో వచ్చింది.

“మా ఆయన రైల్వేలో గదండీ, ఆగిపోయిన రైల్లో కూచోడం మాకలవాటే,” అంది. “ఇట్టా కాళ్ల మీద ఆగిపోవడం ఇదే మొదలు. మీరు పడవలు చూడని వాళ్లా?”

“మాది పడవల ఊరే,” అంది అక్క.

“మరింకేం! రోజూ ఎక్కేదేగా!”

అక్క నవ్వింది. “ఈ పొద్దే ఎక్కబోతా ఉండా.”

బిట్రగుంట ఆవిడ మా అక్కను తన ముందుకు జరుపుకుంది. ఆ రోజంతటిలో ఒక మనిషి ఇంకో మనిషికి దారి ఇవ్వడం నేను చూసింది అదొక్కసారే.

నా అరికాళ్లలో అప్పటికి నిప్పులు రాజుకుంటున్నాయి. నడుం మీద ఎవరో రోలు కట్టినట్టుంది. సుజాత కమ్మీకి ఆనుకుని కళ్లు తెరిచే నిద్రపోయింది. అక్క ఒక్కతే నిటారుగా, కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, మునివేళ్ల మీద లేచి లేచి కాలువ వైపు చూస్తోంది.

మేం ముందుకొచ్చేసరికి ఆరెంజి రంగు చొక్కా ఉద్యోగి గొలుసు అడ్డం వేశాడు. “లాస్ట్ రౌండు. ఆరుగురికే.”

పడవ

అక్క కుచ్చిళ్లు సర్దుకునేలోపు బిట్రగుంట వాళ్లు నలుగురు ఎక్కి, ముందు సీటు ఆమెకు వదిలారు. రెండు సీట్లు మిగిలాయి. అక్క కాలు ముందుకు పెట్టింది. బావ చెయ్యి అడ్డం వచ్చింది.

“ఎక్కబాక.”

“ఏందయ్యా?”

“నిమ్మకాయ లేదు. ఉత్త పడవ. ఎక్కబాక మే, చెప్తన్నా.”

నేను అరవబోయాను. అక్క చేత్తో నన్ను ఆపింది. ఆమె గొంతు పెరగలేదు. క్యూ అంతా కమ్మీల మీదికి వంగింది.

“ముప్పై ఏళ్ల నుంచి నీ పడవకి నిమ్మకాయ కట్టింది ఎవురయ్యా? నేను. పసుపు రాసింది నేను. వాన గానీ గాలి గానీ, నువ్వు తిరిగొచ్చేదాకా ఒడ్డున కూచుంది నేను. ఒక్కనాడన్నా ఎక్కమే అన్నావా? అన్లేదు. నేనడగలా. ఈ పొద్దు నా పడవకి నిమ్మకాయ దెచ్చి కట్టాల్సింది నువ్వు. తేలేకపోయినావు. తేలేకపోతే నోర్మూసుకోని అవతలికి జరుగు.”

బావ చెయ్యి దానంతటదే పక్కకు పోయింది. అక్క ఎక్కింది. ముందు సీట్లో, ముక్కు దగ్గర కూర్చుంది. ఉద్యోగి మీట నొక్కాడు. నడిపేవాడు లేని ఆ బ్యాటరీ పడవ గుర్రుమంటూ కదిలింది. అక్క రెండు చేతులూ అంచుల మీద పెట్టుకుంది. వెనక్కి తిరిగి మా వైపు చూడనే లేదు.

సగం చుట్టు తిరిగిందో లేదో, ప్లాస్టిక్ మొసలి పక్కన పడవ మూలిగింది, ఆగిపోయింది.

“చార్జింగు అయిపోయినట్టుంది సార్,” అన్నాడు ఉద్యోగి. ఆవలించాడు కూడా.

“మరి?”

“తాడేసి లాగాల. తాడు స్టోర్లో ఉంటది. స్టోరాయన డ్యూటీ దిగి ఎళ్లిపోయినాడు.”

పొద్దుటి నుంచి నాలో పోగవుతున్నదంతా అతని మీద కుమ్మరించాను. చేపల పులుసు, చెత్తబుట్ట, లాకరు, ఎర్ర గీత, పొడి, అన్నీ. అతను విన్నాడు. విని, కాలువలోకి తిరిగి, “దిగి నడిచొచ్చేయండమ్మా! మోకాళ్ల లోతే!” అని అరిచాడు.

బిట్రగుంట వాళ్లు చెప్పులు చేత పట్టుకుని, చీరలు ఎత్తిపట్టి, పార్కు వాళ్ల ఏడు తరాలనూ తలుచుకుంటూ నీళ్లలో దిగి వచ్చేశారు. అక్క కదల్లేదు.

“దిగమ్మే!” అన్నాడు బావ.

“దిగను. చుట్టు అవలా.”

“పడవ చచ్చిపోయింది మే!”

“చావనీ. నేను దిగను.”

ఉద్యోగి గొలుసుకు తాళం వేసే పనిలో పడ్డాడు. అవతల లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు. మైకులో పార్కు మూసేస్తున్నామని చెబుతున్నారు. ఆగిపోయిన పడవలో అక్క వీపు ఒక్కటే కనబడుతోంది, కొయ్యలా నిటారుగా.

బావ రెయిలింగు దాటి నీళ్లలోకి దిగాడు. “సార్, పబ్లిక్ దిగకూడదు!” అన్న కేక వెనకే ఉండిపోయింది. బావ మొసలిని మోచేత్తో పక్కకు నెట్టి పడవను చేరాడు. చెయ్యి పట్టి ఆమెను దించుతాడనుకున్నాను. దించలేదు. వెనక్కి వెళ్లి, పడవకు భుజం ఆనించి, తోయడం మొదలుపెట్టాడు.

“ఎడమకి,” అంది అక్క.

ఎడమకు తోశాడు.

“మెల్లిగా పోనీ.”

మెల్లిగా పోనిచ్చాడు. మిగిలిన సగం చుట్టు పూర్తయి పడవ మేమున్న మెట్ల దగ్గరికి వచ్చింది. సుజాత చెయ్యి అందించింది. అక్క ఆ చెయ్యి వైపు చూసి, తల అడ్డంగా ఊపి, వేలితో ముందుకు చూపించింది. బావ ఆగలేదు. పడవ మమ్మల్ని దాటి రెండో చుట్టులోకి పోయింది. ఇద్దరు గార్డులు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఉద్యోగి గట్టు వెంబడి పడవతో పాటు నడుస్తూ దాదాపు ఏడుపు గొంతుతో, “అన్నా, ఆపన్నా, టైమయిపోయిందన్నా, నా ఉజ్జోగం పోతదన్నా,” అంటున్నాడు.

మోకాళ్ల దాకా నీళ్లలో ఉన్న మా బావ తల కూడా ఎత్తలేదు.

“నన్నడుగుతావేందిరా? పడవ ఆమెది. ఆమెనడుగు.”